అలవాటు పడని మనిషి

మొన్న మహబూబ్‌నగర్‌లో పాత జిల్లా హెడ్మాస్టర్లందరికీ ఒత్తిడి మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. ఒత్తిడి ఎలా పెట్టాలో కాదు. ఆ విద్య మా పైవాళ్లకు శిక్షణ లేకుండానే వచ్చు. దాన్ని ఎలా తట్టుకోవాలో నేర్పుతారట. పొద్దున్నే వచ్చి హాజరు వేయించుకోనివాళ్లకు మెమో ఇస్తామని ముందురోజు సాయంత్రం మెసేజ్ పంపారు కాబట్టి, ఇంటి దగ్గర ఒత్తిడి లేనివాళ్లకు కూడా బస్టాండుకు వచ్చేసరికి కావలసినంత సమకూరింది.

హాలు నిండా మేమే. పైన ఫ్యాన్లు, కింద గురకలు. వేదిక మీద హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు గారు తెర మీద మెదడు బొమ్మ వేసి ఏదో చెబుతున్నారు. అంతలో వెనక భోజనాలకు సర్దుతున్న స్టీలు పళ్లేల దొంతర మొత్తం ఒక్కసారిగా గచ్చు మీద పడింది. గోడలు అదిరాయి. నా పక్కన కూర్చున్న సారు కళ్లు కూడా తెరవలేదు. ముందు వరుసలో ఫోను చూసుకుంటున్న ఆయన బొటనవేలు ఆగలేదు. ఒక్క తల వెనక్కి తిరగలేదు.

డాక్టరు గారు మాత్రం ఎంతో సంతోషపడ్డారు. “చూశారా, అదీ ఆరోగ్యమైన మెదడు లక్షణం! చప్పుళ్లకు అలవాటు పడింది” అన్నారు. మా ఉద్యోగ జీవితంలో మా మెదళ్లను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. కొందరు నిద్రలోనే చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మనిషి మెదడులో ప్రమాదం వచ్చినప్పుడు మోగే గంట ఒకటి ఉంటుంది. ప్రమాదం వస్తే మోగాలి, పోతే ఆగాలి. అదే చికాకు రోజూ వస్తుంటే, ఇది చంపేది కాదులే అని మెల్లగా మోగడం నేర్చుకోవాలి. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తర్వాత మొదటి రెండేళ్లూ తిండి చాలని పిల్లల్లో కొందరికి ఆ గంటను అదుపు చేసే భాగం సరిగా కుదురుకోదట. పెద్దయ్యాక కడుపు నిండా తిన్నా సరే, ప్రతిసారీ మొదటిసారిలాగే మోగుతుంది. ఇంకొందరికి మోగి మోగి, మోగవలసినప్పుడు కూడా మోగదు. అందరికీ ఇలా కాదనీ, ఇంకా తెలుసుకోవలసింది చాలా ఉందనీ కూడా ఆయన అన్నారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

నా మనసు మాత్రం అప్పటికి హాల్లో లేదు. పళ్లేల మోత దగ్గరే ఆగిపోయింది. మా బడి ఆవరణలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసిన ఆమె గనక ఆ హాల్లో ఉండి ఉంటే, ఆ చప్పుడుకు కుర్చీ వదిలి తలుపు దగ్గర నిలబడి, ముక్కుపుల్ల తిప్పుకుంటూ “ఏమైంది సార్, ఏమైంది?” అని అడుగుతూ ఉండేది. పోయిన ఎండాకాలం ఆమె చనిపోయింది.

కొల్లాపూర్ దాటి కృష్ణా నది వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. రాష్ట్రం వచ్చిన తర్వాత జిల్లాలు విడిపోయినప్పుడు మా ఊరు ఉన్నచోటు నుంచి కదలకుండానే వేరే జిల్లాకు పోయింది. మేం దానికి ఒక్క పూటలో అలవాటు పడ్డాం. ఆమె మాత్రం ఏడాది పొడుగునా ప్రతి కాగితం మీద పాత జిల్లా రాయాలా కొత్త జిల్లా రాయాలా అని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. తప్పు రాస్తే నౌకరి ఊడుతుందని ఆమె బుగులు. చెమట పట్టిన అరచేతుల్లో ఆ కాగితం తడిసి, చివరికి ఏ జిల్లా రాసినా కనబడేది కాదు.

మా బడిలో చివరి గది ఆమె సెంటర్. పొట్టి మనిషి. బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. భుజాన మనిషి కంటే పెద్ద సంచి. అందులో పుట్నాలు, బెల్లం ముక్క, ఎప్పటిదో ఒక బిస్కెట్ పాకెట్ ఉండేవి. ఆమె వాటిని తినగా నేను చూడలేదు. అవి అక్కడ ఉన్నాయా లేదా అని మాత్రం చెయ్యి పెట్టి చూసుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి సంచిలోకి పోయేది, తడుముకుని వచ్చేది, అప్పుడు వాక్యం పూర్తయ్యేది.

పెండ్లిళ్లలో మొదటి బంతికే కూర్చునేది. ఎడమచేత్తో విస్తరి చుట్టూ కోట కట్టుకుని, తల ఎత్తకుండా, వడ్డించేవాడు రెండో కూరతో వచ్చేసరికి మొదటిది ఖతం చేసేది. ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. “టీచరమ్మ ఎనుకనుంచి ఎవలన్న తరుముతుర్రా?” అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది గాని చెయ్యి తీసేది కాదు. మిగిలిపోయినదాన్ని పారేయడం ఆమెకు రాదు. ఒకసారి ఆమె పెట్టిన పాత మామిడి తొక్కు తిని నేను కొల్లాపూర్ దవాఖానలో ఒక పూట పడుకున్నాను. చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఆ తొక్కు జాడీ సగానికి పైగా ఉందని, నాకు కావాలంటే తెస్తానని చెప్పింది.

ఇక ఫోను. పిల్లల ఫొటోలు, బరువులు, హాజరు అన్నీ ఫోనులోనే పంపాలని పైనుంచి హుకుం వచ్చిన దగ్గర్నుంచి ఆమె బతుకు ఆగమైంది. అది గుర్‌ర్‌మంటే చాలు, చెయ్యి గుండె మీదికి పోయేది. ఆ బాధ పడలేక దాన్ని తువ్వాలలో చుట్టి బియ్యం డ్రమ్ములో దాచింది. అప్పట్నుంచి డ్రమ్ము గుర్‌ర్‌మనేది. బియ్యంలో పెద్ద తుమ్మెద ఉందని పిల్లలు నమ్మారు. ఆమె దానికీ ఉలిక్కిపడేది, తుమ్మెద లేదని తెలిసి కూడా.

నెలకోసారి వచ్చే సూపర్‌వైజరమ్మ దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. ఎండకు రేకుల గది కాలిపోతోందంటే “అలవాటైతది తియ్.” జీతం రెండు నెలలు రాలేదంటే “అలవాటైతది.” ఫోను చూస్తే చేతులు వణుకుతున్నాయంటే “అందరికి అలవాటైంది, నీకెందుకు గాదు?” ఆ మందు మా ఇంట్లో నేనూ పంచుతుంటాను. అలవాటు పడటంలో నాకు మంచి ప్రతిభ ఉంది. ఐదో తరగతి ఎక్కాలు అరుస్తుంటే కుర్చీలో కూర్చుని నిద్రపోగలను. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపేది.

“నాకు కాదు మేడం. ఎన్నిమార్లైనా కొత్తగనే ఉంటది.”

అలాంటి మనిషికి సర్కారు అప్పగించిన పని ఏమిటంటే, ఊళ్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మధ్యాహ్నం అన్నం, పప్పు, పాలు, గుడ్డు పెట్టడం. అది సెంటర్‌లోనే కూర్చుని తినాలి. ఇంటికి తీసుకుపోతే గుడ్డు ఇంటిదైపోతుంది. మామకు సగం, మగనికి సగం, పెద్దపిల్లకు సొన వాసన. అందుకే ఆ నిబంధన. నిబంధనను అంత భయంగా పాటించినవాళ్లను నేను చూడలేదు. వరుసగా కూర్చున్న ఆడవాళ్లకు ఎదురుగా పీట వేసుకుని, ఒక్కొక్కరి నోరు చూసేది. నమలడం, మింగడం, గొంతు దిగడం దాకా చూసేది. “టీచరమ్మా, నువ్వట్ల సూస్తే మింగుడు వడ్తలేదు” అని వాళ్లు మొత్తుకునేవాళ్లు. ఆమె వినేది కాదు.

ఆ చూపుకే ఒకరోజు దొరికింది గొర్లవాళ్ల కోడలు. ఊరి చివర గొర్ల మంద ఉన్న ఇంటి పిల్ల. రెండో కాన్పు. మొదటిది రెండేళ్ల ఆడపిల్ల, ఇంకా సెంటర్‌కు వచ్చి కూర్చునే వయసు రాలేదు. కోడలు గుడ్డు నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని కొంగులోకి జార్చింది. టీచరమ్మ కెవ్వున అరిచింది. దొంగ దొరికినందుకు కాదు, గుడ్డు తిననందుకు. పక్క గదిలో నా పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

“ఇంటికాడ పొల్ల ఏడుస్తది టీచర్. అది సూస్తుంటె నాకు దిగుతదా?” అని ఆ కోడలు కూడా ఏడ్చింది. మొహం పీక్కుపోయి, మెడ ఎముకలు బయటికి కనబడుతూ, కడుపు మాత్రమే ముందుకొచ్చి ఉంది. ఎండాకాలం దగ్గర పడుతోంది. గడ్డి అయిపోగానే వాళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతారు. వానలు పడ్డాకే తిరిగొస్తారు. కోడలు కూడా వాళ్లతో పోతే ఆ చివరి నెలల్లో గుడ్డూ లేదు, పాలూ లేవు, ఎండలో నడక మాత్రం ఉంది.

ఆ సాయంత్రం టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. ముక్కుపుల్ల తిరుగుతోంది. “సార్, వాళ్ల అత్తతోని మాట్లాడాలె. జర తోడు రాండ్రి. నాకు బుగులైతాంది.”

అత్త అంటే ఊరు ఊరంతా జడిసే మనిషి. పోయేసరికి వాకిట్లో ఉన్ని వడుకుతూ కూర్చుంది. మమ్మల్ని చూసి కదురు ఆపలేదు, కూర్చోమనలేదు.

“పెద్దమ్మా, కోడలికి తిండి సరిపోతలేదు” అని మొదలుపెట్టింది టీచరమ్మ.

“సరిపోయేటంతనే తింటాంది. ఎక్కువ తింటె కడుపుల పిల్ల పెద్దగైతది. పెద్దగైతె కోస్తరు. మొదటి కాన్పుకే కోద్దుమని కత్తి వట్టుకున్నరు వాళ్లు.”

“సూడి గొర్రెకు గడ్డి తక్కువేస్తవా నువ్వు?”

“గొర్రెకు ఆపరేషన్ ఎవడు జేస్తడు?”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. డిపార్ట్‌మెంటు ఇచ్చిన పోస్టర్లో ఈ ప్రశ్న లేదు. సరిగ్గా అప్పుడు దొడ్డి దగ్గర కట్టేసిన కుక్క ఒక్క మొరుగు మొరిగింది. టీచరమ్మ ఎగిరి వెనకున్న ఉన్ని మూట మీద వెల్లకిలా పడింది.

ముసలామె కదురు ఆపింది. “గింత బుగులేందే నీకు? కుక్క కట్టేసే ఉన్నది గద!”

టీచరమ్మ లేచి కూర్చుని, సంచిలో చెయ్యి పెట్టి తడుముకుంది. “కట్టేసున్నదని కండ్లకు ఎర్కనే పెద్దమ్మ. పానానికి ఎర్కైతలేదు. చిన్నప్పటిసంది నేను గిట్లనే. మా అమ్మ కడుపుల నేనున్నప్పుడు కరువు. అమ్మ, నాయిన దూరదేశం డ్యాం పనికి పోయిండ్రు. అమ్మ నిండు నెలల దాక మట్టి మోసింది, గంజి తాగింది. పుట్టినంక నాకు గుడ గంజే. మా తమ్ముడు కాలం మంచిగైనంక పుట్టిండు. వాడు ఉరుము ఉరిమినా లేవడు. నాకు ఇప్పుడు నౌకరున్నది, ఇల్లున్నది, సన్నబియ్యం తింటున్న. గాని బుగులు పోలే. ఎందుకో నాకు తెల్వది. గందుకే నీ కాళ్లకు మొక్కుత. ఇంకోటి నాలెక్క పుట్టొద్దు.”

ముసలామె కదురు మళ్లీ తిరిగింది. మేం వాకిలి దాటుతుంటే వెనకనుంచి ఒక మాట వచ్చింది. “పెద్దపొల్లను గుడ సంకనేసుకొని పొమ్మంట. ఈడుంటె నా ఉన్ని అంత గుంజుతది.” అది ఒప్పుకోవడమేనని మాకు సగం దారిలో అర్థమైంది.

మర్నాటి నుంచి కోడలు పిల్లను చంకనేసుకుని వచ్చేది. సెంటర్‌కు రాని పిల్లవాడి గుడ్డు రోజూ ఒకటి ఎలాగూ మిగిలేది. టీచరమ్మ దాన్ని ఆ రెండేళ్లదాని చేతికిచ్చేది. అది తింటుంటే తల్లి తన గుడ్డు తాను తినేది. నిబంధన ప్రకారం ఇది తప్పు. తప్పు చేస్తున్నంతసేపూ టీచరమ్మ ఒక కన్ను రోడ్డు మీద పెట్టి, చెమటలు కక్కుతూ ఉండేది. రేపు మాత్రం ఇవ్వనని రోజూ నాతో చెప్పేది. మర్నాడు మళ్లీ ఇచ్చేది. భయం పోతేనే మనిషి పని చేస్తాడని ఎవరైనా అంటే నేను నమ్మను.

జీపు ఒక మధ్యాహ్నం వచ్చింది. ముందుగా చెప్పకుండా వచ్చే ఆఫీసరు. జీపు చప్పుడు వినగానే ఊళ్లో అందరం చేసే పనులు మాకు అలవాటే: నేను నిద్ర లేచాను, వంటామె ఏప్రాన్ తొడుక్కుంది. టీచరమ్మకు మాత్రం ఆ క్షణంలో కనబడింది ఒకటే, పిల్ల చేతిలో ఒక్క కొరుకు కొరికిన గుడ్డు. దాచడానికి తావు లేదు. డ్రమ్ము దూరం. ఆమె ఆ గుడ్డు లాక్కుని మొత్తం తన నోట్లో పెట్టేసుకుంది.

ఆఫీసరు లోపలికి వచ్చేసరికి దృశ్యం ఇది. రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్లలో నీళ్లు తిరుగుతూ, మింగలేక ఉమ్మలేక నిలబడ్డ టీచరు. ఆమె ముందు రెండేళ్ల పిల్ల ఆమె నోటి వైపే వేలు చూపిస్తూ “గుడ్డూ! గుడ్డూ!” అని ఏడుపు. అంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు.

“నోట్ల ఏమున్నదమ్మా?” అన్నాడు ఆఫీసరు. ఆమె తల ఊపింది. అవును అనా, కాదు అనా ఎవరికీ తెలియలేదు. జీపు పోయేసరికి ఊళ్లో ఆమెకు కొత్త పేరు పడింది. గుడ్ల టీచర్.

వారం తిరక్కముందే మా వరండాలో విచారణ. ఆఫీసరుకు కుర్చీ, ఆయన బాటిలుకు స్టూలు, ఆయన బిస్కెట్లకు ప్లేటు కుదిర్చేసరికి సగం పొద్దు పోయింది. విచారణకు ముందు టీచరమ్మ నన్ను గోడ చాటుకు పిలిచింది.

“సార్, మీరు ఏం జెప్పొద్దు. నిజం జెప్తె ఈడ తినకుంట పిల్లకు వెట్టిందని గా కోడలి పేరు కొట్టేస్తరు. నెలలు నిండుతున్నయి. నాది నౌకరే సార్. దానిది కడుపు.”

“నీ నౌకరి పోతే నువ్వు బతుకుతవా అమ్మా?” అన్నాను.

“బతకను సార్” అంది వెంటనే, ఏమాత్రం ఆలోచించకుండా. తర్వాత వరండాలోకి పోయి నిలబడింది.

“పిల్లల గుడ్డు తిన్నరా?” ఆఫీసరు అడిగాడు.

“తిన్న సార్.”

“ఎందుకు తిన్నరు?”

ఆమె చెయ్యి సంచిలోకి పోయి, తడుముకుని వచ్చింది. “ఆకలైంది సార్.”

సూపర్‌వైజరమ్మ సిగ్గుతో తల పట్టుకుంది. ఆఫీసరు నవ్వి, బిస్కెట్ తుంచి నోట్లో వేసుకుని, రాసుకోమన్నాడు. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. అంతకంటే పెద్ద నిజం ఆమె ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదనీ తెలుసు. వద్దన్నా సరే చెప్పేద్దామని నేను లేవబోతుంటే, బడి గేటు దగ్గర లొల్లి మొదలైంది. గొర్లవాళ్ల ముసలామె చేతిలో కట్టెతో వరండా ఎక్కింది. వెనక కోడలు, చంకలో పిల్ల.

“ఎవలు సార్ ఈడ పెద్ద?” అంది. ఆఫీసరు తానే అన్నట్టు చూశాడు.

“గా గుడ్డు మా మనుమరాలిది. నేనే పంపిన దాన్ని. టీచరమ్మ పెట్టింది, మా పొల్ల తింటాంది, నీ జీపు సప్పుడుకు గీమె బుగులుకొని నోట్లేసుకున్నది. గీమె కుక్క మొరిగితెనే వడ్తది, నీ జీపుకు ఆగుతదా? సప్పుడు జేయకుంట రారాదు?”

“చూడమ్మా, రూల్స్ ప్రకారం గర్భిణి స్త్రీ మాత్రమే...”

“సూడి గొర్రె కడుపు నిండ మెయ్యాలంటె, దాని ఎనుక తిరిగే పిల్ల కడుపు నిండాలె. లేకుంటె అది మెయ్యదు, ఎనుకకు ఎనుకకే సూస్తది. నా గొర్లకున్న తెలివి నీ రూలుకు లేదా?”

టీచరమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. గొర్రె సంగతి మొదట అడిగింది తానేనని, అప్పుడు దెబ్బతిని వచ్చింది కూడా తానేనని ఆమెకు గుర్తొచ్చినట్టు లేదు. “ఇంగొక సంగతి,” అంది ముసలామె మెట్లు దిగుతూ. “ఈసారి కోడలు మందతోని రాదు. ఈన్నే ఉంటది. దాని పేరు కొట్టేస్తె నా గొర్లన్ని నీ ఆఫీసుల కట్టేస్త.”

మా ఆఫీసులకు బెదిరింపులు అలవాటే గాని గొర్లు అలవాటు లేదు. కోడలి పేరు అలాగే ఉండిపోయింది. పెద్దపిల్ల సంగతి కాగితాల్లోకి ఎక్కలేదు. టీచరమ్మ నౌకరీ కూడా పోలేదు. కానీ విచారణ అంటూ జరిగాక ఎవరో ఒకరిని ఏదో ఒకటి చెయ్యాలి కదా. తీవ్రమైన ఒత్తిడి వల్ల గుడ్డును నోట్లో పెట్టుకున్నట్టు తేలిందని, కాబట్టి ఆమెను ఒత్తిడి శిక్షణకు పంపాలని రాశారు. అదిగో, మొన్న నేను కూర్చున్నలాంటి శిక్షణే.

తిరిగొచ్చాక “ఏం నేర్పిండ్రమ్మా?” అని అడిగాను.

“గాలి మెల్లగ పీల్చుమన్నరు సార్. పీల్చిన. ఎనుక కూసున్న ఆయమ్మలకు అన్నం అందలే. నాకు బుగులైంది. లేచి లొల్లి వెట్టిన. మల్ల వండిండ్రు.” దానికి కూడా మెమో వస్తుందేమోనని ఆమె నెల రోజులు ఎదురుచూసింది.

ఇదంతా ఒక గొప్పతనమని నేను చెప్పబోవడం లేదు. మొన్న డాక్టరు గారి మాటలు విన్నాక ఒక సంగతి మాత్రం తోచింది. బక్క పిల్లలను చూసీ చూసీ ఊరు అలవాటు పడింది, ఆఫీసు అలవాటు పడింది, కడుపు నిండా తిని పెరిగిన నేనూ అలవాటు పడ్డాను. పిల్లల్ని తూచే కాటా ముల్లు కింది గీత దగ్గర ఆగిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి వేసుకున్నది ఆమె ఒక్కతే. కానీ అందుకు ఆమె చెల్లించింది తన రక్తనాళాలతో. ఆ బుగులు ఆమెను నిద్రపోనివ్వలేదు, తిన్నది ఒంటికి పట్టనివ్వలేదు, నవ్వుతున్నప్పుడు కూడా వదల్లేదు. అది లేకుండా ఆమె ఒక్కరోజైనా బతికి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

బీపీ ఎక్కువైనప్పుడు దవాఖానలో డాక్టరు “టెన్షన్ తీసుకోవద్దు” అన్నాడట. “నేను తీస్కుంటలేను సార్, అదే వొస్తాంది” అని చెప్పిందట. పోయిన ఎండాకాలం మీటింగుకు పోదామని బస్సు కోసం రోడ్డు మీద నిలబడి, అక్కడే కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కిందనే, ఈరోజు ఫొటోలు పంపనివాళ్లు సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వాలని మెసేజ్ ఉంది. బియ్యం డ్రమ్ములో ఆమె ఫోను చాలాసేపు గుర్‌ర్‌మంటూనే ఉంది.

గొర్లవాళ్ల కోడలి రెండో బిడ్డ ఇప్పుడు నా బడిలోనే ఒకటో తరగతి. కత్తి అవసరం రాకుండానే కొల్లాపూర్‌లో పుట్టింది, మంచి బరువుతో. నేను గద్దిస్తే మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు చూసింది, మూడో రోజు నుంచి నవ్వుతోంది. నా బెత్తం చప్పుడుకు దాని రెప్ప కూడా కొట్టుకోదు. హెడ్మాస్టరుగా నాకు ఇంతకంటే అవమానం లేదు.

ఆ పిల్ల సంగతి అందరికంటే ముందు తెలుసుకున్నది టీచరమ్మే. పసిపిల్లలు ఉలిక్కిపడకుండా ఉండాలని పాతకాలపు ఆడవాళ్లు వాళ్ల దగ్గర పళ్లెం కొట్టి చూసేవాళ్లట. టీచరమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మ ఎన్నిసార్లు కొట్టినా ఆమె అంతెత్తున ఎగిరి ఏడ్చేదట. విసిగి వాళ్లమ్మ మానేసిందట. అందుకే కొత్త బిడ్డ ఎవరొచ్చినా ఈమె పళ్లెం తీసుకుని తయారయ్యేది. పసిదాని చెవులు పగులుతాయని నేను ఎన్నిసార్లు కోప్పడ్డా వినలేదు.

నెలల పిల్లను కోడలు మొదటిసారి సెంటర్‌కు తెచ్చిన రోజు గుర్తుంది. చీర ఉయ్యాలలో పడుకోబెట్టారు. టీచరమ్మ ఊపిరి బిగబట్టి, కాస్త దూరంలో నిలబడి పళ్లెం మీద గరిటెతో ఒకటి కొట్టింది. పిల్ల చేతులు విసిరి కళ్లు తెరిచింది. ఆమె కూడా ఎగిరిపడింది. మళ్లీ కొట్టింది. పిల్ల వేళ్లు మాత్రం కదిలాయి. ఆమె మళ్లీ ఎగిరింది. ఇంకోసారి కొట్టేసరికి పిల్ల ఆవులించి, తల పక్కకు వాల్చి నిద్రపోయింది.

“సార్, ఇటు రాండ్రి! జల్ది రాండ్రి!” అని నన్ను పిలిచింది. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. “సూడుండ్రి, ఇది దడుసుకుంటలేదు! నేనే దడుసుకుంటున్న!”

నమ్మకం కుదరక మళ్లీ కొట్టింది. తన చేత్తో తాను కొట్టిన చప్పుడుకు తానే ఉలిక్కిపడి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఉయ్యాలలోకి తొంగి చూసింది. పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతూనే ఉంది.